కుట్టేసిన పేజీలు

ఐదో తరగతి పిల్లలు చదవాల్సిన పుస్తకాల చీటీని గుప్పిట్లో నలుపుతూ ఆమె మదనపల్లె లైబ్రరీలో నిలబడింది. ఆమె తిరిగి తెచ్చిన కథల పుస్తకాన్ని లైబ్రేరియన్ తిరగేస్తున్నాడు.

“ఏమ్మా, ఇది పుస్తకమా, రవికా? కడాన నాలుగు పేజీలు పట్టుదారంతో కుట్టేసినావు యాల?”

“ఆడ కతలో నాయన సచ్చిపోతాడు సార్. మా పాప హరిత యాడ సదువుతాదో అని బయమేసింది. వాళ్ల నాయన బెంగుళూరు ఆస్పత్రిలో ఉండాడు.”

“అయ్యో. అట్లయితే ఇది తీసుకోమ్మా. ఇదీ చీటీలో ఉండాది. దీంట్లో నాయనకు జబ్బు నయమై ఇంటికొచ్చేస్తాడు.”

ఆమె చివరి పేజీ మీద వేలుపెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. తండ్రి గడప దాటుతున్నాడు, పిల్ల ఎదురు పరిగెడుతోంది. పుస్తకం మూసి, బల్ల మీద అతని వైపు జరిపింది.

“ఇదీ వద్దు సార్.”

“ఇంత మంచి కతకు ఏమొచ్చిందమ్మా?”

“మా చేతుల్లో ఇంకేమీ లేదని డాక్టర్లు నిన్న చెప్పేసినారు. పాపకు ఇంకా చెప్పలా. ఇది సదివితే దినామూ బస్సు టయానికి వాకిట్లో కూర్చుంటాది.”

అతను చీటీ తీసుకుని పైనుంచి కిందికి చూశాడు. మళ్లీ చూశాడు.

“ఒగటన్నా ఉండాదా సార్, అసలు నాయనే లేని కత?”