రెండు వందల పన్నెండు నోళ్లు

ధనరాజ్ కోతలు కొయ్యడం మొదలుపెడితే అతని గొంతును మించి మోగేవి తాండూరులో పాలిష్ మిషన్లొక్కటే. మధ్యాహ్నం అన్నం వేళకు అవి కూడా ఆగిపోతాయి. నాపరాళ్లు కోసి, నునుపు పట్టి లారీలకెత్తే మనుషులంతా తెల్లటి దుమ్ముతో బయటికొచ్చి, గల్లీ మొదట్లో ఉన్న ఖాదర్‌బీ చాయ్ హోటల్ ముందర కూలబడతారు. ఆ రోజూ అలాగే కూలబడ్డారు. ధనరాజ్ అప్పటికే బెంచీ మధ్యలో చోటు చూసుకుని కూర్చున్నాడు.

ఈ మనిషి చెయ్యని పని లేదు, ఏ పనిలోనూ ఆరు నెలలు నిలిచిందీ లేదు. రెండు నెలలుగా మాత్రం మెడలో కార్డు వేసుకుని తిరుగుతున్నాడు. జనం పళ్లూ చిగుళ్లూ బాగుచేస్తామని ఒక సంస్థ వచ్చింది. ముందుగా ఊరూరా, గల్లీగల్లీ తిరిగి మనుషుల నోళ్లు చూడాలి, ఎక్కడ జబ్బు ఎక్కువుందో రాయాలి. ఆ కాగితాలు చూసుకుని డాక్టర్ల బండి ఎటు పోవాలో వికారాబాద్‌లో పెద్దవాళ్లు ప్లాన్ వేస్తారు. తాండూరు చుట్టుపక్కల నోళ్లు చూసే పని ధనరాజ్‌ది.

ఖాదర్‌బీ మామూలుగా అతని మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసే మనిషి. ఇవాళ మాత్రం స్టవ్ తగ్గించి, గిన్నె తుడిచే నెపంతో దగ్గరికొచ్చి నిలబడింది. ఆమెకు కావలసింది ఒక్కటే మాట, బండి ఈ గల్లీకి ఎప్పుడొస్తుందని.

ఆమె భర్త అజమత్ పద్దెనిమిదేళ్లుగా పాలిష్ మిషన్ మీద పనిచేస్తున్నాడు. ఈ గల్లీలో ఒక నమ్మకముంది. దవడలో తంబాకు పెట్టుకుంటే రాతి దుమ్ము దానికే అంటుకుంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోదు అంటారు. కొత్తగా పనిలో చేరినవాడికి పాతవాళ్లే మందు ఇచ్చినట్టు మొదటి ప్యాకెట్ ఇస్తారు. అజమత్ పొద్దున మిషన్ దగ్గరికి పోయేటప్పుడు పెట్టుకున్నది సాయంత్రం దాకా దవడలోనే ఉంటుంది. ఏడాదిగా అతను కారం ముట్టడం లేదు. మూడు నెలలుగా చెంప లోపల పుండు మానడం లేదు. రొట్టె పాలలో నానబెట్టి మింగుతున్నాడు. ఆస్పత్రికి పోదామంటే, ఒక్కణ్నే పోతే ఏదో రోగమని మేస్త్రీ పని నుంచి తీసేస్తాడని భయం. పోరి పోరి చివరికి ఆమె ఒక ఒట్టు వేయించుకుంది. పళ్ల డాక్టర్ల బండి గల్లీకి వస్తే అందరితో పాటు తనూ చూపించుకుంటానని కూతురు రుక్సార్ తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. ఆ రోజు నుంచి ఖాదర్‌బీ బండి కోసం ఎదురుచూస్తూనే ఉంది.

ధనరాజ్ కథ దోమ మండలంలో ఒక చిన్న ఊళ్లో మొదలైంది. ముసలమ్మకు దవడ పన్ను సలుపు. సెల్‌ఫోన్ లైటు వేసి చూసి, పుచ్చింది లోపలి పన్ను కాదు దాని పక్కది అని చెప్పాడట. డాక్టరు చూసినా అదే మాట అన్నాడట. ఇంతవరకూ నమ్మవచ్చు. విన్నవాళ్లు తలలూపారు. తలలూపడమే వాళ్లు చేసిన తప్పు.

"గా తర్వాత ఏమైందో ఎర్కనా? గా ముచ్చట ఊరంత పాకింది. కోట్‌పల్లి సంతకు పోయిన. కూరగాయలు కొననీకి వచ్చిన మంది సంచులు కింద పెట్టి నా ముందట నోళ్లు తెరిచి నిలవడ్డరు. పొద్దు వంగే వరకు మూడు వందల నోళ్లు చూసిన. చూసి చూసి నా దవడలే గుంజినయ్."

మూడు వందల దగ్గరే ఎందుకు ఆగినవని లారీలకు రాళ్లెత్తే హమాలీ జంగప్ప అడిగాడు. అతని మొహంలో నవ్వు లేదు. ధనరాజ్‌ను ఎగదోయడం అతనికి అన్నం తర్వాతి అలవాటు.

ఆగింది తాను కాదు, సంత అన్నాడు ధనరాజ్. ఆ తర్వాత నోరు తెరవమని అడిగే అవసరం కూడా తప్పిందట. పరిగి బస్టాండులో ఒక మూలన నిలబడి, హైదరాబాద్ బస్సు కిటికీల్లో ఎవరైనా ఆవులిస్తే చాలు, ఎవరికి ఎన్ని పళ్లు పుచ్చాయో బస్సు కదిలేలోగా రాసేసుకునేవాడట. ఇంకొన్నాళ్లకు చూపు కూడా అక్కర్లేకపోయింది. తెల్లారి ఊరి చివర నిలబడి జనం పళ్లు తోముకునే చప్పుడు వింటే ఏ ఇంట్లో చిగుళ్ల నుంచి నెత్తురొస్తున్నదో తెలిసిపోయేదట. ఒక ఊళ్లో మైకు పెట్టి అందరినీ ఒకేసారి తోమించాడట. ఆ నురగ కాలువ పట్టి పోయి కోట్‌పల్లి చెరువులో కలిస్తే, వారం తర్వాత పట్టిన చేపల పళ్లు తళతళ మెరిశాయట.

"చేపలకు పండ్లున్నయా?" అన్నారెవరో.

"గప్పటిదాంక తోమినోడు లేడు గాబట్టి కనవడలె" అన్నాడు ధనరాజ్. బెంచీలన్నీ నవ్వాయి. దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్న అజమత్ కూడా నవ్వబోయి చెంప పట్టుకున్నాడు. అది చూసింది ఖాదర్‌బీ ఒక్కతే. ఆమెకు ఈ నవ్వులన్నీ ఒళ్లు మండిస్తున్నాయి. కానీ పని అతని చేతిలో ఉంది కదా అని ఓర్చుకుంది.

జనం నవ్వితే ధనరాజ్‌కు ఒళ్లు తెలియదు. ఇక తాండూరు వంతు వచ్చింది.

"గివన్ని ఒకెత్తు, మీ గల్లీ ఒకెత్తు. రెండు వందల పన్నెండు మంది పనోళ్లు. ఒక్కొక్కరిని చూసుకుంట కూసుంటె నెల పడ్తది. నేనేం జేసిన? గల్లీకి ఆ దిక్కు సగం, ఈ దిక్కు సగం మందిని నిలవెట్టిన. ఒక్క సీటీ కొట్టిన. రెండు వందల పన్నెండు నోళ్లు ఒక్కపారి తెరుచుకున్నయ్. మోటర్ సైకిల్ హెడ్‌లైట్ ఏసుకోని నడుమల నుంచి అరవై స్పీడుల పోయిన. ఈ కొసకెళ్లి ఆ కొసకు పోయేవరకు సర్వే ఖతం. గా తర్వాత ఏమైందో ఎర్కనా? ఒక్క నోట్ల ఒక్క మచ్చ లేదు. ఈ గల్లీల అందరి నోళ్లు సాఫ్ అని రాసిచ్చిన. వికారాబాద్ల సార్లు కుర్చీలకెళ్లి లేసి నిలవడ్డరు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కోత పరాయి ఊరి మీద కోస్తే బాగుంటుంది. ఇది వాళ్ల గల్లీ. ఆ ఈల ఎప్పుడు మోగిందో, ఆ వరసలో తామెప్పుడు నిలబడ్డారో గుర్తు తెచ్చుకునే ప్రయత్నం వాళ్ల మొహాల్లో కనిపించింది.

ఖాదర్‌బీకి మాత్రం గుర్తొచ్చింది. పోయిన నెల ముసురు పట్టిన రోజు. ధనరాజ్ ఇదే హోటల్లో కూర్చుని, పనివాళ్లు ఎంతమందని ఫోన్లో మేస్త్రీని అడిగి, కాగితాల మీద కాగితాలు నింపాడు. తడవకుండా ఉంటాయని తనే లోపలికి రమ్మంది, బల్ల తుడిచిచ్చింది. తన భర్త నోరు బాగుందని రాయడానికి తన చేతులతో చోటు చూపించింది. కోపం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చిందామెకు.

గిన్నె పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ధనరాజన్నా, నోరు బాగున్నదని ఎట్ల తెలుస్తది? డాక్టర్లు మీకేం నేర్పిండ్రు?"

అడిగిందే చాలని అతను చెప్పుకొచ్చాడు. ఎవరి వేళ్లు వాళ్లే మూడు కలిపి నిలువుగా నోట్లో పెట్టుకోవాలి. మూడూ పోతే ఫికర్ లేదు. రెండే పోతే తంబాకు పట్టిందని రాయాలి. ఒకటే పోతే ఆలస్యం చెయ్యకుండా పెద్ద డాక్టరుకు చూపించాలి.

"జర ఇటు రాండ్రి" అంది ఖాదర్‌బీ భర్తతో.

అజమత్ రానన్నట్టు తలాడించాడు. ఆమె అక్కడే నిలబడి చూస్తూ ఉండిపోయింది. బెంచీల మీద వాళ్లంతా అతని వైపు తిరిగారు. ఇక తప్పదని లేచి వచ్చాడు. దవడలోది ఉమ్మేసి, మూడు వేళ్లు కలిపి నోటి దగ్గర పెట్టుకున్నాడు. పోలేదు. రెండు వేళ్లు పెట్టాడు. పెదవులు సాగాయి, కళ్లలో నీళ్లొచ్చాయి, పోలేదు. ఒక వేలు గోరు దాటి లోపలికి పోయి ఆగింది.

ధనరాజ్ అలవాటు కొద్దీ సెల్‌ఫోన్ లైటు వేశాడు. ఆ కొంచెం సందులోంచి చెంప లోపల తెల్లగా గట్టిపడిన చోటూ, దాని మధ్య పుండూ కనపడ్డాయి. లైటు పట్టిన చెయ్యి కిందికి దిగింది. జంగప్ప ఎవరికీ కనపడకుండా అటు తిరిగి తన వేళ్లు తన నోటి దగ్గర పెట్టుకున్నాడు. అటు తిరిగిన మనిషి మళ్లీ ఇటు తిరగలేదు.

"రెండు వందల పన్నెండు చూసిన్నంటివి. అసలు ఎన్ని చూసినవన్నా?" అంది ఖాదర్‌బీ.

మాటల కోసం తడుముకోవాల్సిన అవసరం ధనరాజ్‌కు ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు మాత్రం ముందు ఫోన్ లైటు ఆర్పాడు.

"ఈ గల్లీల గిదే మొదటిది అక్కా."

"కాగితాలు మార్చనీకి వస్తదా?"

మొన్ననే ప్లాన్ అయిపోయిందన్నాడు. బండి దోమకూ కోట్‌పల్లికీ రాశారు. ఈ దిక్కు నోళ్లన్నీ బాగున్నాయని రెండేళ్ల దాకా లేదు. పోయి చెప్తానన్నాడు, సార్ల కాళ్లు పట్టుకుంటానన్నాడు. ఇందాక చేపల పళ్లు నమ్మిన మనుషులు ఈ మాట నమ్మలేదు.

"అంటే బండి రాదు" అన్నాడు అజమత్. పెదవులు సరిగా కదలక మాట ముద్దగా వచ్చింది.

"రాదు" అన్నాడు ధనరాజ్.

ఖాదర్‌బీ భర్త మొహంలోకి చూసింది. కోపమో భయమో కనిపిస్తుందనుకుంది. అక్కడున్నది నెమ్మది. మూడు నెలలుగా మోస్తున్న బరువెవరో దించినట్టు అతని భుజాలు సడలాయి.

"బండొస్తె అందరితోని సూపించుకుంటనన్న" అన్నాడామెతో. "అందరికి లేకపాయె. ఇగ నా ఒట్టు తీరింది."

జేబులోంచి కొత్త ప్యాకెట్ తీసి, చింపి, ఆ ఒక్క వేలు పట్టే సందులోంచి పొడి జాగ్రత్తగా దవడలోకి వంచుకుని, మిషన్ వైపు నడిచాడు.