వీరభద్రం చెప్పిన బస్ లేన్ పాఠం

శనివారం మధ్యాహ్నం పాపటోయిటోయి పేటలో మన దేశపు మిఠాయి కొట్టు ముందు బల్ల దగ్గర టీ తాగుతూ వీరభద్రం కబుర్లు అందుకున్నాడు. ఆయన ఆల్బనీ శివారు నుంచి సిటీకి బస్సు నడుపుతాడు. వింటున్నది నర్సు ఫ్రెడ్రిక్, ఆయన భార్య శిరోమణి. పక్క బల్ల దగ్గర బజ్జీల పార్సిల్ కోసం ఒకమ్మాయి కూర్చుని ఉంది.

"గొప్ప చెప్పుకోవడం కాదు గానీ ఫ్రెడ్రిక్‌గారూ, ఆమధ్య యూనివర్సిటీ వాళ్ళు పిలిచారు. రోడ్ల మీదా బస్సుల మీదా వాళ్ళు చేసిన రీసెర్చ్ ఉందే, అది బీద దేశాల ఇంజనీర్లకి ఆన్‌లైన్‌లో ఊరికే చెప్తారట. డ్రైవర్‌గా మీరూ ఓ ఐదు నిమిషాలు మాట్లాడండి అన్నారు. డిపోలో కూర్చుని ఫోన్ ఆన్ చేశానా, నలభై రెండు దేశాలు!"

"పోయినవారం పన్నెండన్నారు," అంది శిరోమణి.

"అది మొదట్లో చెల్లెమ్మా. నేను గొంతు సవరించుకునేసరికి మిగతావాళ్ళూ వచ్చి పడ్డారు. బస్సుకి విడిగా ఓ దారి వదలండి, మిగతాదంతా అదే సర్దుకుంటుంది అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా మాట సగంలో ఉండగానే నేపాల్ ఇంజనీరు రంగు డబ్బా పట్టుకుని రోడ్డు మీదకి పరిగెత్తాడు. నేను మాట పూర్తి చేసేలోపు కిలోమీటరు గీత గీసొచ్చి కూర్చున్నాడు."

"ఊపిరి తీసుకున్నాడా?" అన్నాడు ఫ్రెడ్రిక్.

"టైమేదీ? టోంగా వాళ్ళయితే రోడ్డు చాలదని సముద్రంలోనే లేన్ గీశారు. తిమింగలాలు తోకతో సిగ్నలిచ్చి మరీ పడవకి దారిస్తున్నాయి. ఇక జాంబియాలో బస్సులు ఎంత జోరందుకున్నాయంటే, జనం ఇంట్లో బయల్దేరకముందే ఆఫీసు దగ్గర దిగిపోతున్నారు. పెళ్ళాం క్యారేజీ కట్టి వెనక్కి తిరిగితే మనిషి లేడు, ఆఫీసు నుంచి ఫోన్ చేస్తున్నాడు!"

"మరి స్నానం?" అంది శిరోమణి.

"అదీ అక్కడే. ఇంతకీ చివర్లో చూడాలి, అందరూ ఒక్కసారిగా చెవులు పట్టుకున్నారు! గురువుగారూ, ఇన్నాళ్ళూ తప్పు చేశాం అని గుంజీళ్ళకి సిద్ధమైపోయారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయనుకోండి."

పక్క బల్ల అమ్మాయి లేచి వచ్చింది.

"అంకుల్, నా పేరు దీనా. ఆ మీటింగ్ నడిపింది నేనే. వాళ్ళు చెవులు పట్టుకోలేదండీ, చూపించారు. వినపడట్లేదని. మీరు మొదటి నుంచీ మ్యూట్‌లోనే ఉన్నారు. ఆరు మెసేజ్‌లు పెట్టాను."

ఫ్రెడ్రిక్‌కి పొలమారింది. శిరోమణి ఆయన నెత్తి మీద తడుతూ తనూ నవ్వాపుకోలేకపోయింది. వీరభద్రం తల దించుకుని చల్లారిన టీని చెంచాతో కలపసాగాడు.

దీనాకి జాలేసింది. "జాంబియా ఇంజనీరు మేడమ్ మెయిల్ పెట్టారంకుల్, ఆ డ్రైవర్‌గారు అంత ఆత్రంగా ఏం చెప్పారో కనుక్కోమని. ఏం చెప్పారు?"

ఆయన గొంతు మొదటిసారి తగ్గింది.

"ఏం లేదమ్మా. వానలో స్టాపు దగ్గర ముసలివాళ్ళు తడిసిపోతుంటారు. అది చూస్తూ బస్సు ఆపాలంటే నాకు కష్టంగా ఉంటుంది. ముందు వాళ్ళ నెత్తిన ఓ రేకు వెయ్యండి, లేన్లు తర్వాత గీద్దురు గానీ అన్నాను."

దీనా ఆ మాట ఫోన్‌లో రాసుకుని తలెత్తింది.

"ఇంత చిన్న మాటకి నలభై నిమిషాలా అంకుల్?"

"కొంచెం ఉదాహరణలతో చెప్పానమ్మా."