వైద్యుడి బండికి ఉప్పుబండి ఎద్దు

నూకాలని ఉప్పమ్ముకునే ముసిల్దొకతి ఉండేదంట. ముసిల్దంటే మరీ ముసిల్ది కాదనుకో, నా అంత ఉంటాది. దాని మొగుడు బతికున్నన్నాల్లూ ఇద్దరూ ఒంటెద్దు బండి మీద ఉప్పేసుకుని ఊరూరా తిరిగీవోరంట. ఆ ఎద్దుకి కొమ్ముల్నేవు, అందుకని దాన్ని బోడిగాడనీవోరు. ఏ ఇంటి ముందుకెల్లినా బోడిగాడు దానంతటదే ఆగిపోద్ది. మొగుడు "ఉప్పోయ్" అని కేకెయ్యాల, ఇంటామె సేటలో గుప్పెడు తవుడు తెచ్చి దాని మూతి కాడ ఎట్టాల, అప్పుడు గాని కాలు కదపదు. ఉప్పు కొన్నా కొనకపోయినా తవుడు మట్టుకు ఎట్టాల. ఇది దానికెవులూ నేర్పనేదు, అదే నేర్సుకుంది. పెంకుటిల్లా, పాకా, ఇంట్లో కలిగినోలున్నారా లేనోలున్నారా, అదేటీ సూసీది కాదంట. గుమ్మం కనబడితే సాలు, ఆగిపోవడమే. ఈ మాట గుర్తెట్టుకోండి, కతంతా దీనిమీదే నడుస్తాది. ఒలే ఎర్రమ్మా, నోరు తెరుసుకుని నన్ను సూడకు, సింతపండు గింజలు తియ్యి. కతకి సెవులు సాలు.

తరవాతేటయ్యిందంటే, మొగుడు పోనాడు. ఆ ఏడే బండి ఇరుసిరిగిపోయి పెరట్లో పడిపోనాది. కొడుకు ఉప్పు మడుల్లో పనికెల్లి ఎప్పుడో గాని ఇంటికి రాడు. ఇంక ఇంట్లో నూకాలూ, కోడలు బంగారమ్మా, ఆ బోడిగాడూను. బంగారమ్మంటే నూకాలుకి పానం. ఇద్దరూ ఒక్క కంచంలో తినీవోరంట. మీ ఇల్లల్లో అత్తాకోడల్లలాగ కాదు, నవ్వకండి. అలాటి పిల్లకి తొలికానుపు దగ్గరికొచ్చింది. వొచ్చినాక కాల్లు వాసిపోనాయి, మొకం పాలిపోనాది, రెండడుగులేస్తే కల్లు తిరిగి కూకుండిపోద్ది. మంత్రసాని వొచ్చి సూసి, నూకాలూ ఇది నా సేతిలో పని కాదే, ఒంట్లోకి నీరు దిగిపోనాది, వైద్యుడికి సూపించకపోతే కానుపునాడు ఇద్దర్లో ఒకల్లే మిగుల్తారో, అదీ నేదో, నాన్సెప్పలేను అనీసి ఎల్లిపోనాదంట. నూకాలు పిల్లకి మాత్రం ఏటీ సెప్పనేదు.

మరి వైద్యుడున్నాడా అంటే ఉన్నాడు. జగ్గప్ప వైద్యుడని, పక్కూర్నే. మంచి అస్తవాసి. వారం వారం మందుల పెట్టె బండిలో ఎట్టుకుని, ఈల్ల పేట మద్దెనుంచే బుగత గారింటికి ఎల్తాడు. బుగతంటే ఊరికి పెద్ద ఆసామి, ఆయనకి మోకాల్ల నొప్పులు. ఆయన మోకాల్లకి నూనె పట్టించడానికి జగ్గప్ప ఎల్తా ఉంటే పేటంతా మందుల వాసనొచ్చీదంట. వాసన పేటకి, మందు బుగతకి. మరైతే జగ్గప్ప సెడ్డోడా అంటే కాదు. ఆయన గురువు పోతా పోతా రెండు మాటలు సెప్పినాడంట. ఒకటి, పిలవని ఇంటికి ఎల్లకు. రెండు, ఒకల తిండి తిని ఊరికే లేవకు. జగ్గప్ప ఆ రెండు మాటలూ తలకెట్టుకుని మోసీవోడు. పిలవడమంటే ఏటి? బండి పంపాల, తాంబూలం పంపాల. పేటలో బండెవులికుంది? బుగత అయితే ఒకపాలి బండి పంపినాడు, ఆ బండి ఆయనకే ఇచ్చీసినాడు కూడాను. కలిగినోడి పిలుపు అలగుంటాది. పేటోల్లు మట్టుకు పిలవనూ నేరు, ఆయన ఆగనూ ఆగడు. ఇందులో తప్పెవులిదని నన్నడక్కండి, నాకు కోపమొస్తాది.

సరే, నూకాలు బోడిగాడి పలుపు పట్టుకుని జగ్గప్పింటికి ఎల్లింది. ఎల్లేసరికి ఆయన ఎద్దు కాలు కుంటై పడుకునుంటే, దానికి పసరు రాస్తన్నాడంట. బాబూ, మా కోడలు పిల్ల మంచం పట్టింది, ఓపాలి వొచ్చి సూడండి అంది. బండి పంపించమ్మా, వొస్తాను అన్నాడు. "బండిరిగిపోనాది బాబూ, ఎద్దుంది." "నాకు బండుందమ్మా, ఎద్దే ఇదిగో ఇలగ పడుంది." ఇద్దరూ ఒకల మొకం ఒకలు సూసుకున్నారంట. పోనీ పిల్లని మంచం మీద మోయించుకు రా అన్నాడు. మోసీ మగోల్లంతా మడుల్లో ఉన్నారు బాబూ, అయినా ఆ పిల్లిప్పుడు కదిలితే దక్కదు అంది. "అయితే మా ఎద్దుని మీ బండికి కట్టుకుని రండి. అది పిలుపవదేటి?" జగ్గప్ప పాపం సాలాసేపు ఆలోసించినాడంట. ఆలోసించి ఆలోసించి, ఎద్దునొక్కదాన్నీ పంపితే సగం పిలుపే గదమ్మా, మా గురువుగారు బండన్నారు అన్నాడు. సదువెక్కువైతే ఇలగే ఉంటాది. రేపు బుగతగారింటికెల్లాల, నా ఎద్దు లేచీవరకు నీ ఎద్దునిస్తే నేనే మేపుకుంటాను అన్నాడు. నూకాలికి ఎద్దుని మేపుకునే సత్తువ కూడా నేదు. ఉంచుకోండి బాబూ, గడ్డీ తవుడూ ఇకమీద మీవే అని పలుపు ఆయన సేతిలో ఎట్టీసి, కల్లు తుడుసుకుంటా ఇంటిదారి పట్టింది. పట్టి, గట్టు మీద సగం దూరం వొచ్చిందో నేదో, టక్కున ఆగిపోనాది. ఆగి, దారిలో దానికదే నవ్వడం మొదలెట్టిందంట. గొడ్లు కాసుకునీవోలు సూసి, మొగుడు పోయిన బెంగతో దీనికి మతి సెడిందనుకున్నారు.

ఇంటికొస్తానే గుమ్మం గుమ్మానికీ ఎల్లి, ఒలమ్మా, రేపు పొద్దున్న సేటలో గుప్పెడు తవుడేసుకుని గుమ్మంలో కూకోండి అని సెప్పింది. ఎందుకే అంటే, కూకోండంతే, బోడిగాడి మేత ఇకమీద వైద్యుడిదే, ఇంట్లో ఎవులికే జబ్బుందో మాట మట్టుకు తయారుగా ఎట్టుకోండి అంది. మర్నాడు పొద్దెక్కేసరికి జగ్గప్ప బండొచ్చింది. పట్టు కండువా ఏసుకుని, మందుల పెట్టె పక్కనెట్టుకుని, దర్జాగా కూకున్నాడు. పేటలో మొదటిల్లు కుమ్మరి పోలమ్మది. బోడిగాడు పోలమ్మ గుమ్మం ముందు ఆగిపోనాది. జగ్గప్ప హై అన్నాడు, హైహై అన్నాడు, తోక మెలిపెట్టినాడు, దిగి ముక్కుతాడు పట్టి లాగినాడు. అబ్బే. సెవులు మాత్రం ఊపిందంట. పోలమ్మ సేటతో లేచొచ్చి మూతి కాడెట్టింది, అది సుబ్బరంగా తినీసింది, అయినా కదల్నేదు. "బాబూ, తమరు ఉప్పోయ్ అని కేకెయ్యాల. లేకపోతే అది సందేల వరకూ ఇక్కడే" అంది పోలమ్మ. జగ్గప్ప అటూ ఇటూ సూసి, గొంతులోంచి రానట్టుగా ఉప్పోయ్ అన్నాడంట. బోడిగాడికి ఆ కేక నచ్చనేదు. మల్లీ అన్నాడు. మూడోపాలి, ఏటైతే అదైందని, కండువా నడుంకి సుట్టి, పేటంతా అదిరిపోయేలాగ "ఉప్పోయ్" అన్నాడు. అప్పుడు బోడిగాడు కాలెత్తింది. ఎత్తితే పోలమ్మ ఊరుకుందా, బండికడ్డంగా నిలబడిపోనాది.

ఏటమ్మా అన్నాడు. ఏటంటారేటి బాబూ, మా తవుడు తిని ఊరికే ఎల్లిపోతారా అంది. తిన్నాది నేను కాదమ్మా, ఎద్దు గదా అన్నాడు. "ఎద్దునెవులు మేపాలండి? తమరే మేపుతానన్నారంట గదా. తమరెట్టాల్సిన తవుడు మేమెట్టినాం. అంటే తమరు మా ఇంట్లో తిన్నట్టే." జగ్గప్పకి గురువుగారి రెండో మాట గుర్తుకొచ్చింది. ఒకల తిండి తిని ఊరికే లేవకు. నిజమేనమ్మా అని పెట్టె దించి, నీకేటి కావాల అనడిగినాడు. పోలమ్మ అత్తకి ఎడతెగని దగ్గు. లోనికెల్లి సూసి, మందిచ్చి, ఈ పొగ పొయ్యి కాడ ముసిల్దాన్ని పడుకోబెట్టకండి, వాకిట్లో మంచమెయ్యండి అని సెప్పి బండెక్కినాడు. ఎక్కినాడా, బోడిగాడు నాలుగడుగులేసి పక్కింటి ముందు ఆగింది. అక్కడ తవుడు, ఉప్పోయ్, పిల్ల తలనిండా కురుపులు. ఆ పక్కింటి ముందు ఆగింది. అక్కడ తవుడు, ఉప్పోయ్, ముసిలోడికి కల్లు మసకలు. ఆ పక్కన తవుడు, ఉప్పోయ్, రెండో కానుపు తరవాత లేవలేని మనిషి. ఇంకేటుంది, పేట తిరనాలైపోనాది. పిల్లలు బండెనకాల ఉప్పోయ్ ఉప్పోయ్ అని పరిగెడతన్నారు. ఏటైందంటే, జగ్గప్పకి కూడా కోపం పోయి సరదా పుట్టింది. ఇన్నేల్లై ఈ దారంట ఎల్తన్నాను, ఈ గుమ్మాలెనకాల ఇంత జబ్బుందని నాకు తెలీదే అనుకున్నాడంట. సూడకపోతే ఎలగ తెలుస్తాది?

నూకాలిల్లు పేట సివర్న. అది గుమ్మంలో నిలబడి సూస్తన్నాది. బండి దగ్గరికొస్తన్నకొద్దీ లోపల బంగారమ్మకి, వొస్తన్నాడే తల్లీ, ఇంకో రెండిల్లే అని సెప్తన్నాది. సరిగ్గా అప్పుడే బుగత పాలేరు రొప్పుకుంటా వొచ్చినాడు. అయ్యా, బుగతగారు పొద్దుటినుంచి మోకాల్లు సాపుకుని కూకున్నారు, మండిపడిపోతన్నారు, ఆ దిక్కుమాలిన ఎద్దునొదిలీసి నడిసొచ్చీమన్నారు, పదండి పదండి అని. జగ్గప్ప పొద్దు సూసినాడు. నిజమే, ఆలీసమైపోనాది. అన్నం ఎట్టినోడు బుగత. ఏం సేస్తాడు, బండి దిగినాడు. నూకాలు పిలుద్దామనుకుంది గాని, ఏటని పిలుస్తాది, సగం పిలుపైపోయె. జగ్గప్ప దిగి, మందుల పెట్టె కోసం సెయ్యి సాపినాడా, అప్పటిదాకా రాయిలాగ నిలబడ్డ బోడిగాడు ఒక్కపాలి తలెత్తి గాలి పీల్చింది. సొంతిల్లు తెలిసిపోనాది దానికి. ఇంక సూడండి, పెట్టెతో సహా బండినీడ్సుకుని పరుగే పరుగు. మిగిలిన రెండు గుమ్మాలూ దాటీసింది, ఆల్ల తవుడు ఆల్ల సేటల్లోనే ఉండిపోనాది, నూకాలి పెరట్లోకి దూరి దాని పాకలో దాని గాటికాడ నిలబడిందంట.

నా పెట్టె, నా పెట్టె అనుకుంటా జగ్గప్ప ఎనకాలే పరిగెత్తుకొచ్చినాడు. కండువా జారిపోయి, ఒల్లంతా దుమ్ము. పెరట్లోకొచ్చి ఆయాసపడతా నిలబడితే, నూకాలు ఇత్తడి పల్లెంలో ఆకూ వక్కా ఎట్టుకుని ఎదురొచ్చిందంట. "బాబూ, నిన్న సగం పిలుపన్నారు. ఇదిగో ఎద్దుంది, అదిగో బండుంది, రెండూ మా పెరట్లోనే ఉన్నాయి. ఇప్పుడు నిండు పిలుపయ్యిందేటి?" జగ్గప్ప పల్లెంకేసి సూసినాడు, బోడిగాడికేసి సూసినాడు. పొట్ట సేత్తో పట్టుకుని నవ్వినాడంట, కల్లంట నీల్లొచ్చీదాకా. అయిందమ్మా, నిండుగా అయింది అన్నాడు. అని లోనికెల్లి బంగారమ్మని సూసినాక నవ్వాగిపోనాది. నాడి పట్టుకున్నాడు, కాల్లు నొక్కి సూసినాడు, కింది కనురెప్ప లాగి సూసినాడు. బయటికొచ్చి నూకాలితో, అమ్మా, నేను నిన్ననే రావలసింది, పిలుపులెక్క ఏసుకుంటా కూకున్నాను, నాది తప్పు అన్నాడంట. పెద్దోడు ఆ మాటనడం నాకు నచ్చింది, అందుకే ఆయన పేరు ఇప్పటికీ సెప్తన్నాను. పాలేరుతో, మీ బుగతగారికి నేను రావడానికి ఆలీసమవుతాదని సెప్పు అనీసి, అక్కడే పొయ్యి ఎలిగించి కసాయం కాసినాడు. కాసి, పత్తెం సెప్పినాడు. "ఎడం పక్కకి పడుకోబెట్టు. బరువు పనులొద్దు. కానుపయ్యీదాకా ఉప్పు మానిపించెయ్యి." నూకాలు తెల్లబోయి, బాబూ, మా ఇంట్లోనా ఉప్పు మానడం అందంట. మీ ఇంట్లోనే అన్నాడు. మంచం మీదనుంచి బంగారమ్మ అన్నాల్లకి మొదటిసారి నవ్వింది.

అటు బుగతేటి సేసినాడంటే, కోపం పట్టలేక, ఆ వైద్యుడి సంగతి నేనే తేలుస్తానని లేచి, పేటకి నడిసొచ్చీసినాడు. ఏల్ల తరబడి ఈదిలోకి రాని మనిషి. వొచ్చి నూకాలి అరుగు మీద కూలబడి, జగ్గప్పా, నా మోకాల్ల గతేటి అనడిగినాడు. జగ్గప్ప కసాయం కలుపుతానే, ఇక్కడికి ఏ కాల్లతో వొచ్చినారు బాబూ అన్నాడంట. పేటోల్లందరూ సీరకొంగులు నోట్లో కుక్కుకున్నారు. బుగత కూడా కాల్లు సూసుకుని మీసంలో నవ్వినాడు. రోజూ ఇంత దూరం నడవండి, వారంకోపాలి నూనె రాస్తాను, మీ ఇల్లు కూడా దారిలోదే గదా అన్నాడు జగ్గప్ప. ఆ వారం నుంచి అంతే. బండి బుగత గుమ్మం ముందు కూడా ఆగింది. బుగత పెల్లాం వెండి పల్లెంలో తవుడు తెస్తే బోడిగాడు మూతి తిప్పీసుకుందంట. సేట కావాలి దానికి. సేటలో తెచ్చినాక తినింది. దానికి బుగత గుమ్మమైనా, కుమ్మరి గుమ్మమైనా గుప్పెడే.

బంగారమ్మకి ఆడపిల్ల పుట్టింది, పిడికిళ్లు బిగించి పేటంతా ఇనబడేలాగ ఏడిసింది. తల్లీ పిల్లా ఇద్దరూ సల్లగా ఉన్నారు. పురుడు పోసిననాడు నూకాలు కోడలికి సేత్తో అన్నం కలిపి, అందులో ఉప్పేసి, తిను తల్లీ అని ఎట్టి, అప్పుడు కూకుని ఏడిసిందంట, అన్నాల్లూ దాసుకున్న ఏడుపంతాను. జగ్గప్ప బతికున్నంతకాలం అలగే గుమ్మం గుమ్మానికీ తిరిగినాడు. మందోయ్ అని కేకేసి సూసినాడంట గాని బోడిగాడు ఒప్పుకోనేదు. అందుకని సివరిదాకా ఉప్పోయ్ అనే మందిచ్చినాడు. బోడిగాడు ముసిల్దైపోయినాక, బండికి కట్టిన కొత్త కోడె పక్కన దాన్ని ఊరికే నడిపించీవోరంట, ఆ కోడె కూడా ఆగడం నేర్సుకుంది.

కతయిపోనాది. గింజలైనాయా? ఏటాలోసిస్తన్నారు? మన పేటకి కూడా మందుల బండొస్తంది గదా, పెద్ద రోడ్డు మీద ఆగి, రెండుసార్లు బూరా కొట్టి, ఎవులూ రానేదని రాసుకుని ఎల్లిపోతంది. కదల్లేని మనిషి బూరా ఇని ఎలగొస్తాది అని దానికి తెలీదు. పాపం దాని తప్పు కాదు, దానికి బోడిగాడులాటి ఎద్దు నేదు. అందుకని నేను రేపు పొద్దున్న సేటలో గుప్పెడు తవుడేసుకుని, ఆ బండికెదురుగా రోడ్డుమద్దెన పీటేసుకుని కూకుంటాను. ఒలే ఎర్రమ్మా, మీ అత్తని మంచంతో సహా గుమ్మంలోకి లాగి ఉంచు. తవుడు తినకపోతే పోనీ, ఉప్పోయ్ అని కేకెయ్యడం మట్టుకు ఆ డ్రైవరు గుంటడికి నేను నేర్పుతాను.