తాడు లేని చొక్కాలు

1991 జూలై పదవ తేదీన, చేతిలో రంగుల పెట్టెతో, మొహాన చిరాకుతో మా స్టూడియోలో చేరిన పెద్దమనిషి నేడు పదవీ విరమణ చేస్తున్నారు. రంగుల పెట్టె మధ్యలో ఎక్కడో పోయింది. చిరాకు మాత్రం పూర్తి సర్వీసు చేసింది.

తొలినాళ్లలో అద్దాలపై కోటలూ కొండలూ చిత్రించి, వాటిని కెమెరా ముందు నిలిపి, లేని రాజ్యాలను ఉన్నట్టు భ్రమింపజేశారు. కంప్యూటర్లు వచ్చిన పిమ్మట, నటులను గాలిలోకి లేపే ఇనుప తీగలను ఫ్రేము ఫ్రేముకూ చెరిపివేసే విద్యలో అద్వితీయులై, క్రమేణా విజువల్ ఎఫెక్ట్స్ విభాగానికి అధిపతులై, ‘తీగల మావయ్య’గా ప్రసిద్ధికెక్కారు. ఆయన నడిచే వీధిలో కరెంటు తీగలపై వాలడానికి కాకులు జంకేవని వదంతి. దానిని పుట్టించిన పుణ్యం ఈ వ్యాసకర్తదే.

కథానాయిక మేడ మీంచి మేడ మీదికి దూకే దృశ్యమొకటి ఆయన సహనాన్ని పిండి ఆరేసింది. ఎన్నిసార్లు పంపినా దర్శకుడు “ఇంకాస్త సహజంగా” అని తిప్పికొట్టేవాడు. సహజం కిలో ఎంతో కనుక్కురమ్మని మావయ్యగారు బజారుకు మనిషిని పంపబోయారు కూడా. చివరకు, ఈసారీ నచ్చకుంటే ఆ దృశ్యాన్నే సినిమాలోంచి కత్తిరిస్తానని దర్శకుడు తేల్చిచెప్పాడు. విభాగమంతా నెలల తరబడి చేసిన చాకిరీ బుట్టదాఖలయ్యే గడియ వచ్చింది.

తెరపై బొమ్మ ఆడింది. దర్శకుడు చప్పట్లు చరిచాడు.

“అబ్బ! ఇప్పుడు కుదిరింది మావయ్యా! ఓకే!”

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మావయ్యగారు మాత్రం కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి నడిచారు. నాయిక నడుముకున్న తీగలతోపాటు, వెనుక మేడపై బట్టలారేసిన తాడును సైతం, చేతి అలవాటుకొద్దీ, తామే చెరిపేశారు. తడి చొక్కాలు ఏ ఆధారమూ లేకుండా నింగిలో ఊగుతున్నాయి.

“ఆగవయ్యా! ఆ చొక్కాలకి తాడేదీ?”

పక్కనున్న సహాయకురాలు మోచేత్తో పొడిచింది. “ఓకే అన్నాడుగా మావయ్యా! మీకు దణ్ణం పెడతా, ఊరుకోండి.”

“నాకే కనపడలేదు, జనానికేం కనపడుతుంది?” అన్నాడు దర్శకుడు.

“నువ్వు డబ్బులు తీసుకుని చూస్తున్నావు నాయనా. వాళ్లు డబ్బులిచ్చి చూస్తారు.”

దర్శకుడి మొహం మాడింది. “సరే, సాయంత్రం దాకా టైమిస్తున్నా. ఇప్పుడున్నది చెడిందో, కత్తెరే!”

తాడు గీయడం ఎంతసేపని తలచరాదు. చొక్కాల బరువుకు అది ఎక్కడ సాగాలి, గాలికి ఎంత వణకాలి, నాయిక అడ్డొచ్చినప్పుడు ఎక్కడ మరుగుపడాలి? అసలు చిత్రీకరణను ముందుపెట్టుకుని, “నా చేతులు విరిచెయ్యాలి” అని తమను తామే తిట్టుకుంటూ, మావయ్యగారు ఆ తాడును తిరిగి నిలబెట్టారు.

సాయంత్రం దర్శకుడు కళ్లు చిట్లించాడు. “ఏం మారింది? అలాగే ఉందిగా!”

“అలా ఉండడానికేగా ఇంత చచ్చింది!”

దృశ్యం సినిమాలో నిలిచింది. థియేటర్లోంచి బయటికొస్తూ మావయ్యగారి శ్రీమతి, “అంతా చూశాను గానీ, ఇందులో మీరు చేసిందేమిటండీ?” అని అడిగారట.

“ఏమీ కనపడలేదా?”

“ఊహూఁ.”

ఆయన విసుక్కోకుండా నవ్విన సందర్భం అదొక్కటేనని ఆ ఇల్లాలే సాక్ష్యం.

ఇన్నేళ్లూ తమ పని ఎవరి కంటా పడకూడదని పాటుపడిన ఈ మహనీయులు, ఇకనైనా ఇంటివారికీ మాకూ కంటి నిండా, ఆయురారోగ్యాలతో చిరకాలం కనపడుతూనే ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.