పెట్రోలు దిగని బండి

నాచారంలో రోడ్డు పక్కనున్న మెకానిక్ షెడ్డు దాకా అతను బండిని తోసుకుంటూ వచ్చాడు. మెడలో వేలాడుతున్న ఐసు డబ్బాను మాత్రం కింద పెట్టలేదు.

“అన్నా, జర జల్ది సూడే! ఈ డబ్బల రక్తం ఉంది. ఉప్పల్‌ల మా చెల్లె దవాఖానల ఉంది. కాన్పయినంక రక్తం పోవుడు ఆగుతలేదు.”

“ఆటోల పోరాదు?”

“ఆటోలు కదులుతలేవన్నా, రోడ్డంత జామయింది. బండయితే సందులకెళ్లి పోతది.”

“ఏమయితుంది బండికి?”

“జరసేపు మంచిగనే నడిచి ఆగిపోతది. ఇంత సేపాగి కిక్ కొడితే మళ్ల స్టార్టయితది. సెకండ్ హ్యాండ్ బండి. కార్బొరేటర్ సాఫ్ చేపిచ్చిన, పెట్రోల్ నిండుగుంది.”

“ట్యాంకు మూత తియ్యి.”

“సుయ్యిమన్నదేందన్నా?”

“మూతకున్న సన్న రంధ్రం మూసుకపోయింది. లోపలికి గాలి పోకుంటే పెట్రోల్ కిందికి దిగదు. సూదితోని పొడిసిన. ఇగ కొట్టు.”

“స్టార్టయింది! పోతనన్నా!”

“ఆగు. డబ్బ గట్ల మెడల ఊగుతుంటె సందులల్ల ఎట్ల నడుపుతవ్? ఎనకకు జరుగు, నేను నడుపుత.”

“మరి నీ దుకాణం?”

“దుకాణం యాడికి పోతది? డబ్బ గట్టిగ పట్టుకో.”