పందిరి ఎక్కడ వేయాలి

ఇలా దగ్గరికొచ్చి కూర్చో తల్లీ. కొత్త చెరువు కట్ట కిందే మన ఇల్లుండేది. పెరట్లో గిన్నెలు తోముతుంటే, కట్ట మీద ఇంజనీరు కాంట్రాక్టరును నిలదీయడం వినపడింది.

“కట్ట నడుమ బంకమట్టి వేయమంటే ఇసుకమన్ను పోశావేమయ్యా?”

“బంకమట్టి దూరం సార్. ఇసుక పక్కనే ఉంది.”

“అందుకే అడుగున నీళ్లు ఊరుతున్నాయి.”

“ఊరితేనేం సార్, పచ్చిక మొలిచి కట్ట ముచ్చటగా ఉంది.”

“బురదనీళ్లయ్యా. లోపలి మన్ను కొట్టుకొస్తోంది.”

“నూరేళ్లకీ ఢోకా లేదని సంతకం పెట్టింది మీరేగా.”

“పెట్టాన్లే. రేపు ప్రారంభోత్సవానికి పందిరెక్కడ?”

“కట్ట కిందే సార్, చల్లగా ఉంటుంది. మీ కుర్చీ ముందు వరసలో.”

“మరి నీ కుర్చీ?”

“నాకు గుట్ట మీద కాస్త పనుంది సార్.”

“అయితే పందిరీ గుట్ట మీదే వేయించు. గాలి బాగా వస్తుంది.”

“కింద ఇళ్లవాళ్లకి చెప్పమంటారా?”

“ఎందుకయ్యా, అనవసరంగా కంగారుపడతారు.”

గిన్నెలు అక్కడే వదిలేసి, ఇరుగుపొరుగును కేకేసి, పిల్లాజెల్లాతో గుట్టెక్కాం. మర్నాడు కట్ట తెగితే కొట్టుకుపోయిన ఇళ్లు మళ్లీ కట్టుకున్నాం, మనుషులం మిగిలాం కనుక.

ఇది మరిచిపోకు తల్లీ. కట్ట గట్టిదని చెప్పేవాడు ఎక్కడ కూర్చుంటాడో ముందు చూడమని నీ పిల్లలకీ చెప్పు.