మళ్ళీ దిద్దించాలా?

"ముందు సోయికూర వెయ్యమన్నానా! వెల్లుల్లి ఎందుకేశావే?"

"ఏది ముందేస్తే ఏంటమ్మా? మూత పెట్టాక అంతా ఒకే ఊరగాయేగా!"

బకావు పట్టణంలోని ఆ వంటింట్లో తల్లి చెయ్యి ఆగింది. బడి చివరి పరీక్షలో లెక్కల్లో కూతురికి పదికి అయిదు పాయింట్ ఒకటి వచ్చింది. అయిదు తగ్గితే ఫెయిలే; తను కోరుకున్న నర్సింగు సీటుకి ఇదీ చాలకపోవచ్చు. మళ్ళీ దిద్దించమనే అర్జీకి ఈ సాయంత్రమే గడువు. దిద్దాక పెరిగినా తగ్గినా కొత్త మార్కే ఖాయం.

"నీకు సున్నా వేసిన లెక్క చెప్పు."

"ఎనిమిది మందిలోంచి ముగ్గురి జట్టుని ఎన్ని రకాలుగా కట్టొచ్చో చెప్పాలి. ఎనిమిదీ ఏడూ ఆరూ గుణించి, మూడు వందల ముప్ఫై ఆరు రాశా."

"ముగ్గురికీ వేరే వేరే పదవులున్నాయా?"

"లేవు. ఉత్త జట్టే."

"మరి ఎవర్ని ముందు పిలిస్తే ఏంటి? ఆ ముగ్గుర్నే ఎన్నిసార్లు లెక్కేశావు?"

కూతురు వేళ్ళ మీద లెక్కేసుకుంది.

"ఆరుసార్లు. ఆరుతో భాగించాలి... యాభై ఆరే."

"ఆ సున్నా మారదు. ఇంకోచోట తగ్గిస్తేనో?"

"దిద్దినవాళ్ళదే తప్పని నాన్నని నమ్మించానమ్మా! ఏమని చెప్పను?"

"నువ్వే చెప్పుకో."

మధ్యాహ్నం తండ్రి చోర్బా పులుసు గిన్నె పక్కన కారు తాళాలు పెట్టాడు.

"త్వరగా తిను, వెళ్ళి అర్జీ ఇచ్చొద్దాం."

"వద్దు నాన్నా. తప్పు నాదే. నర్సింగు సీటు రాకపోయినా ఈ మార్కే ఉండనీ."